పాత లారీల కేబిన్లకూ చల్లగాలి కావాలి: విశాఖ లారీ యజమానులకు ఒక ఏసీ మెకానిక్ రాసిన బహిరంగ లేఖ

విశాఖపట్నం, అనకాపల్లి జిల్లాల లారీ యజమానులకు, వారి సంఘాల పెద్దలకు, రవాణా శాఖ అధికారులకు నమస్కారములు.

నేను గాజువాక ఆటోనగర్‌లో ఇరవై రెండేళ్ళుగా బండ్ల ఎలక్ట్రికల్ పని, ఏసీ పని చేస్తున్నవాణ్ణి. మీలో చాలామంది బండ్లు ఏదో ఒక రోజు నా షెడ్డుకు వచ్చినవే. డైనమో పాడైందనో, సెల్ఫ్ తిరగడం లేదనో, ఏసీ చల్లగా రావడం లేదనో మీరు పంపిన బండ్లను బాగుచేసి పంపడం తప్ప ఇంతవరకు మీకు సలహా చెప్పే సాహసం చేయలేదు. ఈ వేసవి మొదలయ్యేలోగా ఒక్క విషయం మాత్రం మీ ముందు ఉంచాలని ఈ లేఖ రాస్తున్నాను. అది మీ దగ్గరున్న పాత లారీల కేబిన్లలో వేడి గురించి, దాన్ని తగ్గించే పని గురించి, ఆ పని సరిగ్గా జరగకపోతే వచ్చే నష్టం గురించి.

కేంద్ర రోడ్డు రవాణా, రహదారుల మంత్రిత్వ శాఖ 2023 డిసెంబరులో ఒక నోటిఫికేషన్ ఇచ్చిన సంగతి మీకు తెలుసు. దాని ప్రకారం 2025 అక్టోబరు 1న గానీ, ఆ తరువాత గానీ తయారయ్యే ఎన్2, ఎన్3 తరగతుల సరుకు వాహనాలన్నిటికీ, అంటే మొత్తం బరువు 3.5 టన్నులు దాటిన ప్రతి లారీకీ, డ్రైవరు కేబిన్‌లో ఏసీ ఉండి తీరాలి. ఆ ఏసీ ఎంత చల్లబరచాలో, ఎలా పరీక్షించాలో ఐఎస్ 14618 ప్రమాణం చెబుతుంది. డ్రైవర్లు 43 నుంచి 47 డిగ్రీల వేడిలో బండి నడుపుతున్నారని కేంద్ర మంత్రి నితిన్ గడ్కరీ గారు 2023లో బహిరంగంగానే అన్నారు. ఆలస్యమైనా మంచి నిబంధన వచ్చింది. అయితే అది బండి తయారైన తేదీని మాత్రమే చూస్తుంది. 2012లో కొన్న బండి, 2018లో కొన్న బండి, అంతకు ముందే కంపెనీ నుంచి ఛాసిస్ మాత్రమే తెచ్చుకుని ఇక్కడి షెడ్లలో చెక్కతో, రేకుతో కేబిన్ కట్టించుకున్న బండి ఆ నిబంధన కిందికి రావు. ఆ బండ్లన్నీ ఇంకా ఎన్నో ఏళ్ళు పోర్టుకూ, ఉక్కు కర్మాగారానికీ, పరవాడకూ, అటు రాయపూర్ దాకా తిరుగుతూనే ఉంటాయి. వాటిని నడిపేవాళ్ళు కూడా అలాంటి డ్రైవర్లే. కొత్త బండిలో కూర్చున్న డ్రైవరుకు చట్టం ఇచ్చినది, పక్క వరుసలో పాత బండిలో కూర్చున్న అతని తమ్ముడికి ఇవ్వలేదు.

పాత బండ్లకు కూడా వెంటనే తప్పనిసరి చేయాలని నేను అడగడం లేదు. ఒక్క బండి మీద ఇల్లు నడుపుకునే యజమానులు మనలో ఎక్కువమంది ఉన్నారు, కిస్తీలు, టైర్లు, బీమా, ఎఫ్‌సి (ఫిట్‌నెస్ సర్టిఫికెట్) ఖర్చులతో వాళ్ళు ఎంత నలుగుతున్నారో నాకు తెలుసు. చట్టం బలవంతపెట్టకపోయినా మనంతట మనం చేయదగిన పని ఒకటుందని, అది మీరు అనుకునేంత ఖరీదైనది కాదని మాత్రమే నా మనవి.

మన ఊరి ఎండ వేరు, రెంటచింతల ఎండ వేరు. అక్కడ డిగ్రీలు ఎక్కువ, గాలి పొడి. ఇక్కడ ఉష్ణోగ్రత 35, 36 దగ్గరే ఆగినా సముద్రపు తేమ ఒంటిని వదలదు. చెమట పట్టడం వల్ల ఒళ్ళు చల్లబడదు, పట్టిన చెమట ఆరడం వల్ల చల్లబడుతుంది. గాలిలో అప్పటికే నిండా తేమ ఉంటే ఆ చెమట ఆరక కిందికి కారిపోతుంది. మనం ఉక్కపోత అనేది దీన్నే. గాలి మన చర్మం కంటే వేడెక్కాక డాష్‌బోర్డు మీద బిగించిన చిన్న ఫ్యాను చేసే మేలు కూడా దాదాపు పోతుంది, అది వేడి గాలినే మొహం మీదికి తోస్తుంది. దీనికి తోడు మన పాత లారీల్లో ఇంజను కేబిన్ కిందే, డ్రైవరుకూ క్లీనరుకూ మధ్యనే ఉంటుంది. బయటి ఎండ ఒకవైపు, ఇంజను వేడి ఇంకొకవైపు.

గత మే నెలలో ఒక మధ్యాహ్నం నా షెడ్డుకు పది చక్రాల బండి ఒకటి వచ్చింది. డ్రైవరు ఇచ్ఛాపురం వైపు మనిషి, అరవైకి దగ్గర్లో ఉంటారు. ఇంజను కవరు మీద తడిపిన గోనె సంచి పరిచి ఉంది. మెడ చుట్టూ తడి తువ్వాలు ఉంది. ఆయన దిగుతూ, "సెప్పు మెత్తబడిపోయి బ్రేకు పెడలుకు అంటుకుంటంది మేస్త్రీ, కాలు తీయాలంటే ఒక్కోపాలి రావట్లేదు" అన్నారు. ఏసీకి వాడే థర్మామీటరు తీసి చూశాను. షెడ్డు నీడలో 36 ఉంది. కేబిన్‌లో ఆయన మోకాలి దగ్గర 48 చూపించింది. గేరు రాడ్డు మొదట్లో నేల రేకుకు ఆనించి పెడితే 60 దాటింది. ఆ రాడ్డు చుట్టూ ఉండవలసిన రబ్బరు బూటు ఎప్పుడో చిరిగిపోయింది, కింద తిరుగుతున్న ఇంజను ఆ సందులోంచి నాకు కనబడుతోంది. ఆ వేడి అంతా ఆ సందు గుండానే, పొగ వాసనతో సహా, ఆయన కాళ్ళ మీదికి వస్తోంది. ఆ బండి ఆ పూట వచ్చింది హెడ్‌లైటు పని మీద. లైటు బాగుచేసి పంపించాను. ఆ బూటు గురించి నన్నెవరూ అడగలేదు, నేనూ యజమానికి ఫోను చేయలేదు. ఆ తప్పు నాది కూడా.

అందుకే ముందుగా చెప్పదలచుకున్నది ఏసీ గురించి కాదు. పాత బండికి ఏసీ పెట్టించాలనుకునే ప్రతి యజమానికీ నా మొదటి సలహా ఒక్కటే: ముందు వేడి లోపలికి వచ్చే దారులు మూయించండి. గేరు రాడ్డు బూటు, క్లచ్చి, బ్రేకు పెడళ్ళ చుట్టూ ఉండే రబ్బర్లు, స్టీరింగు రాడ్డు దిగే రంధ్రం, వైర్ల కోసం ఎప్పుడో తొలిచి వదిలేసిన బెజ్జాలు, తలుపుల చుట్టూ అరిగిపోయిన రబ్బరు బీడింగు, సరిగ్గా కూర్చోని ఇంజను కవరు, దాని అంచున ఉండాల్సిన ప్యాకింగు, ఇవన్నీ మూసి, కవరు లోపలివైపూ నేల రేకు మీదా వేడిని ఆపే మ్యాట్ వేయించి, పైకప్పు రేకుకూ లోపలి లైనింగుకూ మధ్య థర్మాకోల్ కాకుండా నిప్పంటుకోని ఇన్సులేషన్ వేయిస్తే, ఒక రోజు పనితో ఆ కేబిన్ మారిపోతుంది. సైలెన్సర్ పైపు కేబిన్ దగ్గరగా వెళ్ళే చోట లీకు ఉంటే దాన్ని కూడా అప్పుడే సరిచేయించాలి. ఈ మొత్తం పనికి అయ్యే ఖర్చు ఒక లారీ టైరు ధరలో సగం కూడా ఉండదు. ఏసీ పెట్టించే స్తోమత లేని యజమాని ఇంతవరకే చేయించినా ఆ డ్రైవరు చేతులెత్తి మొక్కుతాడు. ఇది చేయించకుండా ఏసీ మాత్రం బిగిస్తే, చిల్లుల కుండలో నీళ్ళు పోసినట్టే. నేను బిగించిన ఏసీల్లో "కూలింగ్ రావట్లేదు" అని తిరిగొచ్చిన బండ్లలో ఎక్కువ వాటికి యంత్రం బాగానే ఉంది, కేబిన్ బాగాలేదు.

ఇక ఏసీ బిగించే పనిలో పాత బండ్ల దగ్గర నేను పదే పదే చూసే పొరపాట్లు కొన్ని ఉన్నాయి. పాత బండి ఇంజనుకు అదనపు బలం ఎక్కువ ఉండదు. టాటా 1613 అంటే 16 టన్నుల బండి, 130 హార్స్‌పవర్ ఇంజను అని ఆ అంకెలోనే ఉంది. ఏసీ గ్యాసును నొక్కే కంప్రెసర్ ఇంజను బెల్టుతో తిరుగుతూ అందులోంచి నాలుగైదు హార్స్‌పవర్ తీసుకుంటుంది. మైదానంలో అది తెలియదు, సాలూరు ఘాటు ఎక్కేటప్పుడు తెలుస్తుంది. దాని కంటే పెద్ద ఇబ్బంది కండెన్సర్, అంటే ఏసీ లాగిన వేడిని బయటికి వదిలే భాగం, పెట్టే చోటుతో వస్తుంది. కార్లలో పెట్టినట్టు కొందరు దాన్ని రేడియేటర్ ముందు పెడతారు. అలా పెడితే కండెన్సర్ వదిలిన వేడి గాలి నేరుగా రేడియేటర్ లోకి వెళ్ళి, అప్పటికే మట్టితో సగం మూసుకుపోయిన పాత రేడియేటర్ ఇంజనును చల్లబరచలేక, ఘాటు మధ్యలో బండి మరిగి ఆగిపోతుంది. పాత లారీకి కండెన్సర్‌ను దాని సొంత ఫ్యాన్లతో కేబిన్ పైకప్పు మీద గానీ, కేబిన్ వెనక గానీ పెట్టడమే క్షేమం. కంప్రెసర్ బ్రాకెట్‌ను కూడా కొలత లేకుండా వెల్డింగు చేసి నిలబెట్టకూడదు. పుల్లీలు ఒకే గీతలో లేకపోతే బెల్టు నెలకొకటి తెగుతుంది, బ్రాకెట్ వణుకుకు గ్యాసు పైపులు పగుళ్ళిస్తాయి.

కరెంటు విషయం మరీ ముఖ్యం. లారీలో రెండు 12 వోల్టుల బ్యాటరీలు వరసగా కలిపి 24 వోల్టులు చేస్తారు. కారు నుంచి తీసిన 12 వోల్టుల బ్లోయరూ ఫ్యాన్లూ చవకగా దొరుకుతాయని, ఆ రెండు బ్యాటరీల్లో ఒకదాని మీంచి వైరు లాగి వాటిని నడిపిస్తున్న బండ్లు నా దగ్గరికి నెలకు రెండు, మూడు వస్తాయి. అలా చేస్తే ఒక బ్యాటరీ ఎప్పుడూ సగం ఖాళీగా, రెండోది ఎప్పుడూ అతిగా ఛార్జి అవుతూ ఉంటాయి. ఆరు నెలల్లో రెండూ పోతాయి. యజమాని బ్యాటరీ కంపెనీని తిడతాడు. ఏసీకి వాడే ప్రతి పరికరమూ 24 వోల్టులదే కావాలి, వైరు దాని కరెంటుకు తగిన మందంలో ఉండాలి, బ్యాటరీ దగ్గరే ఫ్యూజు ఉండాలి, డైనమో ఆ భారాన్ని మోయగలదో లేదో ముందే చూడాలి. రాత్రిపూట హెడ్‌లైట్లు, వైపరు, బ్లోయరు, కండెన్సర్ ఫ్యాన్లు అన్నీ కలిసి నడిచినప్పుడు చిన్న డైనమో ఇచ్చేదాని కంటే తీసుకునేది ఎక్కువైతే, తెల్లవారి ఏ హోటలు ముందో బండి స్టార్టు కాదు. ఫ్యూజు లేని వైరు రాసుకుని మంటలు లేచిన కేబిన్‌ను నేనొకసారి కళ్ళారా చూశాను. ఆ డ్రైవరు మెలకువగా ఉండబట్టి బయటపడ్డాడు.

ఇప్పటికే ఏసీ ఉండి, అది పనిచేయని బండ్లు కూడా చాలా ఉన్నాయి. సెకండ్ హ్యాండులో కొన్న బండ్లలో ఇది మరీ ఎక్కువ. అక్కడ మనకు అలవాటైన మందు ఒక్కటే, గ్యాసు ఎక్కించడం. ఏసీ గ్యాసు డీజిల్‌లా ఖర్చయిపోయేది కాదు. అది మూసిన పైపుల్లో తిరుగుతూనే ఉంటుంది. తగ్గిందంటే ఎక్కడో లీకు ఉంది. ఆ లీకును వెతకకుండా ప్రతి వేసవికీ గ్యాసు ఎక్కించుకుంటూ పోతే, గ్యాసుతో పాటు నూనె కూడా పోయి, చివరకు కంప్రెసర్ పట్టేస్తుంది. సరైన పద్ధతి ఇలా ఉంటుంది. నైట్రోజన్ పెట్టి ప్రెషరు నిలుస్తుందో లేదో చూడాలి, ప్రతి జాయింటుకూ సబ్బు నురగ పెట్టి బుడగ వచ్చే చోటు పట్టుకోవాలి, ఆ ఓ-రింగో పైపో మార్చాలి, గ్యాసులోని తేమను పీల్చే డ్రయ్యరు మార్చాలి, ఆ తరువాత వాక్యూమ్ పంపుతో కనీసం అరగంట గాలినీ తేమనూ లాగెయ్యాలి, చివరకు తూకం వేసి గ్యాసు నింపాలి. వాక్యూమ్ ఎందుకంటే, లోపల మిగిలిన తేమ ఎక్స్‌పాన్షన్ వాల్వ్ దగ్గర మంచుబిళ్ళగా గడ్డకట్టి దారి మూసేస్తుంది, నూనెతో కలిసి ఆమ్లమై లోపలి లోహాన్ని తినేస్తుంది. ఈ పనికి సగం రోజు పడుతుంది. పదిహేను నిమిషాల్లో గ్యాసు ఎక్కించి పంపే చోట ఇందులో ఏదీ జరగదు.

ఈ బండ్లలో వాడే ఆర్-134ఎ గ్యాసు గాలిలో కలిస్తే, భూమిని వేడెక్కించడంలో అది కార్బన్ డయాక్సైడ్ కంటే సుమారు 1,430 రెట్లు బలమైనది. మన లెక్కలో చెప్పాలంటే, ఒక కిలో గ్యాసు లీకవడం 530 లీటర్ల డీజిల్ కాల్చడంతో సమానం. ఓజోన్ పొరను కాపాడే మాంట్రియల్ ఒప్పందానికి చేసిన కిగాలీ సవరణను మన దేశం 2021లో ఆమోదించింది. ఆ ప్రకారం 2028 నుంచి ఇలాంటి గ్యాసుల వాడకానికి దేశం మొత్తం మీద ఒక పరిమితి ఉంటుంది, 2032 నుంచి ఆ వాడకం తగ్గుతూ పోవాలి. కాబట్టి లీకు పట్టించుకోని అలవాటుతో ముందు ముందు జేబుకు కూడా చిల్లు పడుతుంది. ఇంకొక మాట, దీన్ని గట్టిగా చెప్పాలి. అసలు గ్యాసు ఖరీదని వంటగ్యాసు లాంటి మండే గ్యాసు కలిపి నింపే వాళ్ళు ఉన్నారు. చల్లగానే ఉంటుంది. కానీ కూలింగ్ కాయిల్ ఉండేది కేబిన్‌లో, డ్రైవరు కాళ్ళ ముందు. అక్కడ లీకైతే మూసిన కేబిన్ నిండా మండే గ్యాసు ఉంటుంది, ఆ మనిషి బీడీ వెలిగిస్తాడు. పెట్రోలు ట్యాంకర్లు నడిచే ఊరు ఇది. గ్యాసు సిలిండరు మీద ఏముందో చూడకుండా మీ బండికి ఎవరినీ గ్యాసు నింపనివ్వకండి.

ఇంతవరకు చెప్పినవన్నీ మెకానిక్కు చేతిలో ఉన్న పనులు. నేను ఈ లేఖ రాయడానికి అసలు కారణం మెకానిక్కు చేతిలో లేనిది.

రెండేళ్ళ కిందట ఒక యజమాని తన మూడు పాత బండ్లకు నా దగ్గరే ఏసీ పెట్టించారు. ఒక్కొక్క బండికీ ఒక జత ముందు టైర్ల ధరంత ఖర్చయింది. మనసున్న మనిషి, బేరమాడకుండా ఇచ్చారు. ఏడాది తరువాత సర్వీసుకు వచ్చినప్పుడు చూస్తే కంప్రెసర్ బెల్టు మీద గీతయినా పడలేదు, కండెన్సర్ ఫ్యాన్లు కొత్తవి కొత్తవిగానే ఉన్నాయి. ఏసీ వేయడం లేదా అని డ్రైవరును అడిగితే మొదట మాట దాటేశాడు. తరువాత చెప్పాడు. వాళ్ళకు డీజిల్ ఇచ్చేది మైలేజీ లెక్క మీద. లీటరుకు 4 కిలోమీటర్లు అని కట్టారు. ఆ లెక్కకు తగ్గితే ఆ డీజిల్ ఖరీదు డ్రైవరు బత్తా లోంచి పోతుంది, మిగిలితే డ్రైవరుకు మిగులుతుంది. ఏసీ రాక ముందు కట్టిన ఆ లెక్కను ఏసీ వచ్చాక ఎవరూ మార్చలేదు. కాబట్టి ఏసీ బటను నొక్కిన ప్రతిసారీ ఆ డ్రైవరుకు తన పిల్లల ఫీజు కళ్ళ ముందు మెదులుతుంది. అతను ఎండలోనే నడుపుతున్నాడు. యజమాని మాత్రం తన డ్రైవర్లు చల్లగా ఉన్నారని తృప్తిగా ఉన్నారు. ఇద్దరిలో ఎవరిదీ చెడ్డ మనసు కాదు. మధ్యలో ఉన్న లెక్క తప్పు.

ఆ యజమానితో మాట్లాడి ఒక బండికి లెక్క తీశాం. ఒక నెల ఏసీ లేకుండా, ఒక నెల వేసుకుని, ఇంచుమించు అవే దారుల్లో, ఇంచుమించు అదే లోడుతో నడిపించాం. తేడా లీటరుకు సుమారు 150 మీటర్లు వచ్చింది. అంటే 4 కిలోమీటర్లు ఇచ్చే బండి 3.85 ఇచ్చింది. విశాఖ నుంచి హైదరాబాదు దాకా 620 కిలోమీటర్ల దూరానికి లెక్కేస్తే 155 లీటర్లు పట్టేచోట 161 లీటర్లు పట్టింది. ఆరు లీటర్లు, అంటే సుమారు ఆరు వందల రూపాయలు. ఇది ఒక్క బండి లెక్క, అన్ని బండ్లకూ ఇంతే అవుతుందని నేను చెప్పను. ఇంజను, లోడు, దారి బట్టి మారుతుంది. కానీ ఆ ట్రిప్పు కిరాయిలో ఆ ఆరు వందలు ఎంత? ఆ మనిషి మర్నాడు పొద్దున్న తల తిరగకుండా స్టీరింగు పట్టుకోగలగడం ఖరీదు ఎంత? ఆ యజమాని ఆ లెక్క చూసి అదే రోజు మార్చి నుంచి జూన్ వరకు ఒక మైలేజీ, మిగిలిన నెలలకు ఇంకొక మైలేజీ రాయించారు. ఇప్పుడా బండ్ల బెల్టులు అరుగుతున్నాయి.

నా మొదటి విన్నపం ఇదే. ఏసీ ఉన్న ప్రతి బండికీ, కంపెనీలో పెట్టిందైనా తరువాత బిగించిందైనా, వేసవి మైలేజీ వేరుగా కట్టి ఆ మాట డ్రైవరుకు ముందే చెప్పండి. సంఘం ఒక తీర్మానం చేస్తే నలుగురిలో ఒకరు మాత్రమే చేశారనే ఇబ్బంది కూడా ఉండదు. కొత్తగా వచ్చే ఏసీ బండ్లకు కూడా ఇది అంతే వర్తిస్తుంది. ఈ లెక్క మారకపోతే కొత్త చట్టం బండి మీద ఉంటుంది గానీ డ్రైవరు ఒంటికి అందదు.

బండి నడిచేటప్పటి సంగతి అది. బండి ఆగి ఉన్నప్పటి సంగతి వేరే ఉంది. లోడు కోసం, అన్‌లోడు కోసం, పట్టణంలోకి పెద్ద బండ్లకు ప్రవేశం లేని వేళ గడవడం కోసం మన డ్రైవర్లు గంటల తరబడి రోడ్డు పక్కన ఆగుతారు. 2025 నవంబరు దాకా అమల్లో ఉన్న 1961 నాటి మోటారు రవాణా కార్మికుల చట్టం రోజుకు 8 గంటల పని అని, ఐదు గంటలు దాటకుండా కనీసం అరగంట విశ్రాంతి ఉండాలని చెప్పింది. ఆ విశ్రాంతి తీసుకునే చోటు లారీ డ్రైవరుకు ఆ కేబినే. మధ్యాహ్నం రెండింటికి ఎండలో నిలబెట్టిన రేకు కేబిన్‌లో నిద్రపోగలిగిన వాళ్ళెవరూ ఉండరు. కిందికి దిగి బండి నీడలో, చక్రాల మధ్య పడుకుంటారు. అది ఎంత ప్రమాదమో మీకు నేను చెప్పనవసరం లేదు. పోర్టు దారుల్లో అయితే బొగ్గు ధూళి, ఖనిజం ధూళి అదనం. అద్దాలు దించితే ధూళి, ఎత్తితే ఉడుకు.

ఇంజను ఆన్‌లో ఉంచి ఏసీ వేసుకుంటే గంటకు రెండు, మూడు లీటర్ల డీజిల్ ఊరికే కాలుతుంది. సైలెన్సర్ లీకున్న పాత బండిలో అద్దాలెత్తి, ఇంజను ఆన్ చేసి నిద్రపోవడం ప్రాణానికే ముప్పు. ఆ పొగలో ఉండే విషవాయువు కార్బన్ మోనాక్సైడ్‌కు రంగు లేదు, వాసన లేదు. అందుకే ఇంజను ఆపినా నడిచే బ్యాటరీ ఏసీలు వస్తున్నాయి, పైకప్పు మీద బిగించేవి. మంచివే, కానీ వాటి లెక్క తెలుసుకుని కొనండి. అలాంటిది ఒకటి 24 వోల్టుల మీద సుమారు 40 ఆంపియర్లు తీసుకుంటుంది. బండిలో ఉన్న 150 ఆంపియర్-అవర్ బ్యాటరీ జతలో సగం వరకే వాడుకోవాలనుకుంటే అది రెండు గంటలు కూడా నడవదు. ఆ సగాన్ని దాటితే బండి స్టార్టు కాదు. వీటికి వేరే బ్యాటరీలు ఉండాలి, వోల్టేజి ఒక హద్దు కిందికి పడగానే తనంతట తానే ఆగిపోయే కటాఫ్ ఉండాలి. పెట్రోలు, గ్యాసు ట్యాంకర్ల యజమానులు మరీ జాగ్రత్తగా ఉండాలి. లోడింగు చోట మెయిన్ స్విచ్ తీసేయవలసిన బండిలో బ్యాటరీ ఏసీ నడిచే ప్రసక్తే ఉండకూడదు, ఆ ఏసీ వైరింగు కూడా ఆ మెయిన్ స్విచ్‌ను తప్పించి వెళ్ళకూడదు.

యార్డులు, గోదాములు, కర్మాగారాలు నడిపే యాజమాన్యాల వారికి ఇక్కడ ఒక మాట. బండ్లు ఆగే చోట ఒక వరుస వేప చెట్లో, ఒక రేకుల షెడ్డో, తాగే నీళ్ళో ఉంటే ఈ ఖర్చులో సగం అక్కరే ఉండదు. కరెంటు ప్లగ్గులు పెట్టగలిగితే బ్యాటరీ ఏసీలకు ఛార్జింగు కూడా దొరుకుతుంది.

చలి సంగతి కూడా చెప్పాలి. విశాఖలో హీటరు ఎందుకని నవ్వుకోవద్దు. డిసెంబరు, జనవరి నెలల్లో లంబసింగి, చింతపల్లి దారిలో, అరకు ఘాటులో, సాలూరు దాటి కొరాపుట్ వైపు తెల్లవారుజామున వెళ్ళే డ్రైవర్లను అడగండి. చలి ఎలాగోలా దుప్పటితో ఓర్చుకుంటారు, కానీ ముందు అద్దం లోపలివైపు ఆవిరి పట్టి దారి కనబడదు. ఒక చేత్తో స్టీరింగు, ఒక చేత్తో గుడ్డ పట్టుకుని ఘాటు మలుపుల్లో అద్దం తుడుచుకుంటూ దిగుతారు. పాత బండ్లలో కొన్నిటికి కంపెనీ హీటరు ఇచ్చింది. ఇంజను కూలెంటు 80, 90 డిగ్రీల వేడితో ఒక చిన్న కాయిల్‌లో తిరుగుతుంది, బ్లోయరు దాని మీంచి గాలి పంపుతుంది. దీనికి డీజిల్ ఖర్చు దాదాపు లేదు, ఇంజను ఎలాగూ వదిలేసే వేడే అది. అయితే ఆ కాయిల్ ఎప్పుడో కారితే రెండు పైపులనూ కలిపి చుట్టేసి వదిలేయడం మన అలవాటు. ఆ కాయిల్ కొత్తది వేయించి, పైపులూ క్లిప్పులూ మార్చితే హీటరు మళ్ళీ వస్తుంది. ఏసీ, హీటరు రెండూ ఉన్న బండిలో రెండూ కలిపి వేస్తే ఏసీ గాలిలోని తేమను లాగేస్తుంది, హీటరు అద్దాన్ని వెచ్చబరుస్తుంది, ఒక నిమిషంలో ఆవిరి పోతుంది. వానాకాలంలో కూడా ఇదే మందు. కేబిన్‌లో బొగ్గుల కుంపటి పెట్టుకుని తలుపులు మూసుకునే అలవాటు మాత్రం మన క్లీనర్లలో ఇంకా ఉంది. దాన్ని మాన్పించే బాధ్యత మనందరిదీ.

రవాణా శాఖ అధికారులకు నా విన్నపం చిన్నది. పాత బండికి ఏసీ పెట్టిస్తే మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం బండి మార్చినట్టవుతుందేమో, రేపు ఎఫ్‌సికి వెళ్ళినప్పుడు బ్రేకు ఇన్‌స్పెక్టరు అభ్యంతరం చెబుతారేమో అనే భయంతో వెనకాడుతున్న యజమానులు నాకు తెలుసు. ఎలాంటి అమరికకు అనుమతి అవసరం లేదు, ఎలాంటిదానికి అవసరం, పైకప్పు మీద కండెన్సర్ పెడితే ఎత్తు విషయంలో ఏం చూస్తారు, వైరింగులో ఏం చూస్తారు అనేది ఒక్క పేజీలో, తెలుగులో రాసి మీ కార్యాలయాల గోడల మీద అంటిస్తే ఆ భయం తీరుతుంది. ఎఫ్‌సి సమయంలో గేరు బూటు, ఇంజను కవరు ప్యాకింగు, సైలెన్సర్ లీకు కూడా కేబిన్ వైపు నుంచి ఒకసారి చూడండి. అవి సరిగా లేని బండిని వెనక్కి పంపమని అడగడం లేదు, యజమానికి ఆ మాట కాగితం మీద రాసివ్వమని అడుగుతున్నాను. కంచరపాలెం ఐటీఐ వంటి చోట్ల ఏసీ పని నేర్చుకునే పిల్లలకు 24 వోల్టుల బండ్ల మీద, గ్యాసు గాలిలోకి వదలకుండా తిరిగి పట్టుకునే యంత్రం మీద కొన్ని రోజుల శిక్షణ కలిపిస్తే ఆటోనగర్‌కు పనివాళ్ళు దొరుకుతారు. నేర్పడానికి పిలిస్తే నేను కూలి లేకుండా వస్తాను.

యజమానులకు నేను చేయగలిగినది కూడా చెబుతున్నాను. ఉగాది నుంచి జూన్ నెలాఖరు వరకు ప్రతి ఆదివారం ఉదయం ఏడు నుంచి పది గంటల దాకా నా షెడ్డుకు ఏ పాత బండి తెచ్చినా, కేబిన్‌లో వేడి ఎక్కడెక్కడి నుంచి వస్తోందో థర్మామీటరు పెట్టి చూసి, ఏది ముందు చేయించాలో కాగితం మీద రాసిస్తాను. దానికి డబ్బు తీసుకోను. పని నా దగ్గరే చేయించాలని కూడా లేదు. సంఘాల వారు మైలేజీ తీర్మానం కోసం సమావేశం పెడితే, ఆ రెండు నెలల డీజిల్ లెక్కల పుస్తకం ఆ యజమాని అనుమతితో తెచ్చి చూపిస్తాను.

ఆ ఇచ్ఛాపురం డ్రైవరు బండి యజమానికి మొన్న ఫోను చేశాను. ఏసీ సంగతి తరువాత చూద్దామన్నారు. గేరు బూటు, మ్యాట్ వేయమన్నారు. బండి ఈ శుక్రవారం వస్తుంది.

ఇట్లు,
మీ విధేయుడు,
ఒక ఏసీ మెకానిక్కు,
ఆటోనగర్, గాజువాక, విశాఖపట్నం